గ్రూపులో పడేస్తే అందించినట్టేనా?

కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి. కోపం వస్తే ఫోన్ చేసి తిట్టండి.

పోయిన వారం మన వాట్సాప్ గ్రూపులో సంఘం పాత ఫోటోలు మూడు వందలకు పైగా వరసగా పడ్డాయి. కింద దండాల బొమ్మలు, పూల బొమ్మలు. "మన పెద్దల ఫోటోలు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి" అని కార్యవర్గం ప్రకటన. లేవండీ. మీ ఫోన్లలోకి వచ్చినవి ఆ ఫోటోల నీడలు. అసలువి ఆఫీసు కంప్యూటర్‌లోనే కూర్చుని ఉన్నాయి.

లెక్క చెబుతాను. ఎనిమిదికి పది అంగుళాల గ్రూపు ఫోటోని 600 డీపీఐలో స్కాన్ చేశాం. అంటే 4800 ఇంటూ 6000, మొత్తం 2 కోట్ల 88 లక్షల చుక్కలు. దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే పొడుగు వైపు సుమారు 1600 చుక్కలకి కుదించేస్తుంది. మిగిలేది 20 లక్షల చిల్లర, అంటే పద్నాలుగో వంతు. స్కాన్‌లో 240 చుక్కల ఎత్తున్న ముఖం 64కి దిగుతుంది. హెచ్‌డీ అని నొక్కితే కొంచెం మేలే, కానీ అదీ పిండిన చెరకే.

"ఫోన్‌లో చూసుకోవడానికి ఇది చాలదా?" అంటారు. నిరుడు వార్షికోత్సవ మలర్ వేసినప్పుడు (సంచిక అనాలి, నా నోటికి మలరే వస్తుంది) ఏం జరిగిందో మరిచిపోయారా? అసలు ఫైలు కంప్యూటర్‌లో ఉండగా ఎవరో ఫోన్‌లోని వాట్సాప్ కాపీని ప్రెస్సుకి పంపారు. పేజీ నిండా పరిచి అచ్చు వేస్తే వెనక వరసవాళ్ళకి కళ్ళూ ముక్కూ లేవు. సంఘానికి స్థలం రాసిచ్చిన పెద్దాయన ఆ వరసలోనే ఉన్నాడు. ఆయన మనవరాలు మలర్ పట్టుకుని వచ్చి "ఇందులో మా తాత ఏడీ?" అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. నాకు సిగ్గేసింది.

ముఖం పోవడం ఒక ఎత్తు, పేరు పోవడం ఇంకో ఎత్తు. నాకు కడుపు మండేది ఇక్కడే. ఆ ఫోటోల వెనక మన పెద్దలు ఇంకు పెన్నుతో పేర్లు రాసిపెట్టారు. వాటిని చూసి ఒక్కొక్క ఫైలుకీ పేరు పెట్టడానికి ముగ్గురం రెండు నెలలు కూర్చున్నాం. ఎవరు, ఏ ఊరు, ఏ పెళ్ళి, ఏ సభ. ఫోటోగా పంపగానే ఆ పేరు ఊడిపోయి ఐఎంజీ అని, ఒక తేదీ, డబ్ల్యూఏ అని, ఒక నంబరు తగులుకుంటాయి. ఆ తేదీ కూడా గ్రూపులో పడేసిన రోజుది! అరవై ఏళ్ళ కిందటి పెళ్ళి పోయిన వారం జరిగినట్టు గ్యాలరీలో పైకెక్కి కూర్చుంటుంది.

నేను పార్శిల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. లేబుల్ ఊడిన మూట ఎంత విలువైనదైనా ఎవరిదీ కాదు. ఒక మూల పడి ఉండి చివరికి వేలానికి పోతుంది. ఈ నేల మీద తరాల తరబడి ఉంటున్నాం అని మనం నోటితో చెప్పుకుంటున్నాం. కాగితం చూపించమంటే చూపించడానికి ఈ ఫోటోలు, వెనక ఆ పేర్లు తప్ప మన దగ్గర ఏముంది?

"క్లౌడ్‌లో పెట్టి లింకు ఇస్తాం" అని పిలకాయలు అంటున్నారు. ఎవరి ఖాతాలో? గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఆ అబ్బాయి ఉద్యోగానికి వెళ్ళి రెండేళ్ళు ఆ ఖాతా తెరవకపోతే దాన్ని తీసేసే హక్కు వాళ్ళకుంది. లింకు వద్దనను, లింకే చాలంటే ఒప్పుకోను.

మరి ఎట్లా? కేబుల్. కంప్యూటర్‌కి ఫోన్ తగిలించి, ఫోన్ లాక్ తీసి, పైనుంచి కిందికి లాగితే యూఎస్‌బీ ఛార్జింగ్ అని ఒక గీత కనిపిస్తుంది. దాన్ని నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. అప్పుడు కంప్యూటర్‌లో ఫోన్ ఒక డ్రైవులాగా తెరుచుకుంటుంది. లోపల పిక్చర్స్ ఫోల్డర్‌లో సంఘం పేరుతో ఒక ఫోల్డర్ చేసి కాపీ, పేస్టు. అంతే. ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ఫోన్ లాక్ పడిందని అర్థం. కంప్యూటర్‌కి ఫోనే కనిపించకపోతే కేబుల్‌ని అనుమానించండి. కొన్ని ఛార్జింగ్‌కి తప్ప పనికిరావు. ఐఫోన్ వాళ్ళకి ఈ దారి లేదు, పెన్ డ్రైవ్ పెట్టి ఫైల్స్ యాప్‌లోకి ఎక్కించాలి. దూరంగా ఉన్నవాళ్ళకి వాట్సాపే గతి అంటే, క్లిప్పు గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి. చుక్కా తగ్గదు, పేరూ పోదు.

ఇంకో తగాదా మిగిలి ఉంది. ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులోకి మార్చేద్దాం అని కమిటీలో ఒక మాట నడుస్తోంది. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు రాయడం పెద్దయ్యాక సంఘంలోనే నేర్చుకున్నాను. తమిళం మీద నాకు చిన్నచూపు లేదు. కానీ తమిళ లిపిలో బాలయ్యకీ పాలయ్యకీ ఒకటే అక్షరం. ఇంగ్లీషులో కోట ఇంటిపేరో కోటా బియ్యమో తెలియదు. కాబట్టి ముందు తెలుగులో, పక్కనే తమిళంలో ఉండాలి. తెలుగు చదవలేని మన పిల్లలు తమిళంలో చదువుకుంటారు. విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ రెండు లిపులూ తెలుసు, కష్టమల్లా మనకే.

గ్రూపు ఫోటోలో మూడో వరస, ఎడమనుంచి నాలుగో మనిషి పేరు వెనక తడిసి చెరిగిపోయింది. మొన్న మా వీధి చివరి అవ్వ ఇంటికి వెళ్ళి, అసలు ఫైలు ఆమె కొడుకు ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాను. రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "చెవికి పోగు ఉంది చూడు, మా పెదనాయన" అంది. వాట్సాప్ కాపీలో ఆ పోగు లేదు.

ఈ ఆదివారం పొద్దున పదింటినుంచి ఆఫీసులో ఉంటాను, రెండు మంచి కేబుళ్ళు తెస్తాను. ఫోన్‌లో కాస్త చోటు ఖాళీ చేసుకుని రండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనీ తీసుకురండి, ఇంకా పదకొండు ముఖాలకి పేర్లు లేవు.