ఫోన్‌లో చదివిన పిల్లలు

"ఆ అమ్మాయి వద్దు సిస్టర్, మీరే సెలైన్ పెట్టండి. వీళ్ళంతా కరోనా బ్యాచ్ అంట కదా!"

ఈ మాట మా వార్డుల్లో చాలాసార్లు విన్నాము. మీరు నవ్వుతూనే అంటారు. విన్న పిల్ల మాత్రం ట్రే పట్టుకుని వెనక్కి వెళ్ళిపోతుంది. మీ భయాన్ని మేము తప్పు పట్టడం లేదు. కానీ మా మాట కూడా కొంచెం వినండి.

2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే మెడికల్ కాలేజీలు, నర్సింగ్ స్కూళ్ళు మూతపడ్డాయి. పిల్లలు హాస్టళ్ళు ఖాళీ చేసి ఊళ్ళకు వెళ్ళారు. పాఠాలు ఫోన్‌లోకి వచ్చాయి. మా నర్సింగ్ పిల్లల్లో ఎక్కువమందివి పల్లెటూళ్ళు. ఇంటికి ఒకటే ఫోను, అది నాన్నతోపాటు పనికి వెళ్ళిపోతుంది. సిగ్నల్ కోసం ఎండలో డాబా ఎక్కి కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

మేమూ అప్పటిదాకా ఫోన్‌లో పాఠం చెప్పి ఎరుగము. బొమ్మను మంచంమీద పడుకోబెట్టి, ఇంజెక్షన్ ఎక్కడ వేయాలో కెమెరాకు చూపించేవాళ్ళం. అటువైపు పేర్లే గాని ముఖాలు కనబడేవి కావు. "అర్థమైందా?" అంటే "ఎస్ మేడమ్" అని మెసేజ్ వచ్చేది. అటెండెన్స్ వేసేశాము. తర్వాత వార్డుకు వచ్చినప్పుడు "ఇది కూడా రాదా?" అని వాళ్ళనే కోప్పడ్డాము. అది మా తప్పే.

ఫోన్ చదువు పనికిరాదని మేము అనడం లేదు. ఇంగ్లీషు సరిగా రాని పిల్లలు రికార్డు చేసిన పాఠాన్ని రెండుసార్లు, మూడుసార్లు విని బాగానే నేర్చుకున్నారు. ఊపిరితిత్తుల చప్పుడు ఇయర్‌ఫోన్‌లో కూడా వినవచ్చు. కానీ స్టెతస్కోపు ఎక్కడ ఆనించాలో, కడుపు నొక్కుతూ రోగి ముఖం ఎలా గమనించాలో, వేలికింద నరం ఎలా తగులుతుందో మనిషి దగ్గరే తెలుస్తుంది. డాక్టరు చదివే పిల్లలకైనా ఇంతే.

చైనాలో మెడిసిన్ చదువుతూ ఇంటికొచ్చి రెండేళ్ళకు పైగా తిరిగి వెళ్ళలేక ఇక్కడే ఆన్‌లైన్‌లో చదివిన తెలుగు పిల్లలు చాలామంది. అలా 2022 జూన్ 30లోగా కోర్సు ముగిసినవారు పరీక్ష పాసయ్యాక ఏడాదికి బదులు రెండేళ్ళు ఇంటర్న్‌షిప్ చేయాలని నేషనల్ మెడికల్ కమిషన్ ఆ జులైలో చెప్పింది. తల్లిదండ్రులకు కష్టమనిపించినా అది న్యాయమే అని మా అభిప్రాయం. మంచం దగ్గర పోయిన చదువు మంచం దగ్గరే తిరిగి రావాలి. అయితే ఆ మంచంమీద ఉన్నది మీరు. మీరు చెయ్యి ఇవ్వకపోతే ఎన్నేళ్ళు పెంచినా ఏం లాభం?

ఇంకొక సంగతి. 2021 మే నెలలో మనుషులు చాలక, ఎంబీబీఎస్ ఆఖరి సంవత్సరం పిల్లలను తేలికపాటి కోవిడ్ కేసులు చూడటానికి, పరీక్షల కోసం ఎదురుచూస్తున్న నర్సింగ్ పిల్లలను కోవిడ్ డ్యూటీలకు వాడుకోవచ్చని కేంద్రం చెప్పింది. మీరు ఫోన్ బ్యాచ్, రావద్దని అప్పుడు ఎవరూ అనలేదు.

మా దగ్గర కొత్త పిల్లలు ముందు ఒకరికొకరు సూది వేసుకుని నేర్చుకుంటారు. మీ దగ్గరకు వచ్చినప్పుడు సీనియర్ సిస్టర్ పక్కనే ఉంటుంది. రెండుసార్లకు నరం దొరకకపోతే ఆమే తీసుకుంటుంది. అయినా ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మీకుంది. ఆ మాట మాకు చెప్పండి, ఆ పిల్ల ముఖంమీద కాదు.

ఒకసారి ఫిమేల్ వార్డులో ఒక పెద్దమ్మ ఉండేది. షుగర్ మనిషి, నరాలు దొరకవు. మా స్టూడెంట్ ఒకామె దగ్గరకు రావడానికి జంకుతుంటే తనే చెయ్యి చాపింది. "రా తల్లీ, నా నరం దొరికిందంటే నీకు ఊళ్ళో అందరి నరాలూ దొరుకుతాయి" అంది. మొదటిసారి దొరకలేదు. పెద్దమ్మ పళ్ళు బిగబట్టి రెండో చెయ్యి ఇచ్చింది. ఆ చేతికి దొరికింది.