పిల్లోడి నోరు మూయించింది ఫోను కాదు

పోస్టు కొంచెం పొడుగు, ఓపిక చేసుకుని చదవండి. మొన్న ఆదివారం మీటింగులో నా వంతు వచ్చేసరికి భోజనాలకు లేచిపోయారు కాబట్టి, చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

రానివాళ్ళ కోసం జరిగింది ముందు చెప్తాను. ఉగాది కార్యక్రమాల పట్టీ రాస్తున్నాం. పద్యాలు, ముగ్గులు, వేషాలు అన్నీ అయినాక, సాయంత్రం రెండు గంటలు పిల్లలకు గేమింగ్ పోటీ పెడదామన్నాను. షరతు ఒకటే, ఆడేటప్పుడు టీములో మాటలన్నీ తెలుగులోనే ఉండాలి. అంతే, హాలంతా గోల. “ఫోను వల్లే కదప్పా పిల్లోళ్ళకు తెలుగు పోయింది, మళ్ళీ దాన్నే పండగలోకి తెస్తావా?” అని ఒక పెద్దాయన. “గేమింగును గవర్నమెంటే బ్యాన్ చేసింది కదా” అని ఇంకొకాయన. “నలభై దాటినాయి, నీకింకా ఆటలేంది?” అని మూడో ఆయన.

మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. ఆడతాను. షిఫ్టు అయి ఇంటికొచ్చి, తిని, రాత్రి పది నుంచి పదకొండు దాకా ఆడతాను. ఆ టైములో మీరు సీరియల్లో అత్తగారి కళ్ళను మూడు వైపుల నుంచి చూస్తుంటారు. ఎవరి పిచ్చి వాళ్ళది.

రెండోదానికి జవాబు చిన్నది. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం ఆపింది డబ్బు కట్టి ఆడే ఆటల్ని. ఈ-స్పోర్ట్స్‌ను అదే చట్టం గుర్తించింది కూడా. 2020 సెప్టెంబరులో పబ్జీ పోయింది, 2021లో బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022లో మళ్ళీ పోయింది, 2023లో మళ్ళీ వచ్చింది. ఈ రాకపోకల్ని నాకంటే బాగా లెక్క పెట్టినవాళ్ళు మన సంఘంలో ఎవరూ లేరు. ఇంకో మాట, ఇన్నేళ్ళు టీవీలో సీరియలు మధ్యలో రమ్మీ ప్రకటనలు వచ్చినప్పుడు ఒక్క పెద్దాయనా లేచి చానలు మార్చలేదు. పిల్లోడు బొమ్మ తుపాకీతో పరిగెత్తితే మాత్రం సంస్కృతి గుర్తొచ్చింది.

ఇక మొదటిదానికి వస్తాను. ఫోను వల్ల తెలుగు పోయిందా?

1953లో ఆంధ్ర వేరుపడ్డప్పుడు మన హోసూరు అప్పటి సేలం జిల్లాలో ఉండి మద్రాసు వైపే నిలిచింది. అప్పుడు ఏ ఇంట్లోనూ ఫోను లేదు. 2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది, ఒక్కో తరగతీ ఎక్కుతూ 2016కి పదో తరగతి పరీక్ష దాకా చేరింది. తమిళం మీద నాకు కోపం లేదు, నా వీధి భాష అది, నా స్నేహాలు సగం అందులోనే. కానీ బడిలో తెలుగు చిక్కిపోవడానికి కారణం ఆ పిల్లోడి చేతిలోని ఫోను అంటే ఎట్లా?

టీవీ సంగతీ అంతే. నా చిన్నప్పుడు యాంటెన్నా ఒక వైపు తిప్పితే కన్నడం, ఇంకో వైపు తిప్పితే తమిళం. శుక్రవారం ‘ఒలియుం ఒళియుం’ పాటలకు వీధి వీధంతా ఒకే ఇంట్లో కూర్చునేది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక, మన ఊరి కేబులాయన వాటిని వేసినాక, మొదటిసారి మా ఇంట్లో పెట్టె తెలుగు మాట్లాడింది. మా అవ్వ వార్తలు చదివే అమ్మాయికి తిరిగి నమస్కారం పెట్టేది. తర్వాత 2001లో ‘అమృతం’ మొదలైంది. హోటలు నడవక, తెలివి మరీ ఎక్కువై ప్రతి వారం బోల్తాపడే ఇద్దరు మగాళ్ళు, నెత్తిన ఇంటి ఓనరు. మేము ఆదివారం రాత్రి అన్నం పళ్ళేలతో కూర్చునేవాళ్ళం. నా తెలుగులో బడి ఇచ్చిందెంతో, ఆ పెట్టె ఇచ్చిందీ అంతే.

ఇప్పుడు ఆ పెట్టె జేబులోకి వచ్చింది. నా రాత్రి టీము చూడండి. బరంపురంలో మందుల షాపాయన ఒకరు, సోలాపూర్‌లో తువాళ్ళ వ్యాపారం చేసే అన్న ఒకరు, యానాం తమ్ముడు ఒకడు, నేను. ముఖాలు చూసుకోలేదు, నాలుగేళ్ళుగా గొంతులే తెలుసు. బరంపురమాయన “ఏటి సేస్తన్నారు, ఇటొచ్చీండి” అంటాడు. సోలాపూర్ అన్న తెలుగులో సగం మరాఠీ ఉంటుంది. ఆయనకు తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తాడు. పోయినేడు ఆయన నాయనమ్మ పోయింది. పది రోజుల తర్వాత మళ్ళీ ఆటకొచ్చి ఒక మాటన్నాడు: “ఇంట్లో నాతో తెలుగు మాట్లాడేది ఆమె ఒక్కతే. ఇంక మీరే.” ఆ రాత్రి ఎవరం సరిగ్గా ఆడలేదు. అందరం మొదటి రెండు నిమిషాల్లోనే చచ్చిపోయాం.

ఆటలో నేర్చుకున్న ఇంకో సంగతి, మన ఇంటి తెలుగు ఆటకు చాలా బాగుంటుంది. “ఆ రాయి దగ్గర ఒకడున్నాడు, త్వరగా రండి” అనేసరికి తూటా తగిలిపోతుంది. “రాయి తావ ఒగడు, బిన్నా రా!” అయిపోయింది. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. అర సెకనులో బతుకు చావు తేలే చోట, మనిషికి నోట్లోంచి మొదట వచ్చేది అమ్మ దగ్గర నేర్చుకున్న మాటే.

మా చిన్నోడికీ అదే వచ్చింది. ఎనిమిదో తరగతి. దసరా సెలవుల్లో ఎవరో ముక్కూమొహం తెలియని ముగ్గురు తెలుగు పిల్లలతో టీము కుదిరింది. పెద్ద ఊరి పిల్లలు. వీడు సరిగ్గా ఆ మాటే అన్నాడు. ఒక్క క్షణం అటువైపు నిశ్శబ్దం. తర్వాత ముగ్గురూ పగలబడి నవ్వు. “ఏంట్రా ఈ భాష, కామెడీ షోలో స్కిట్టా?” అన్నాడు ఒకడు. ఆట అయిపోయేదాకా “బిన్నా, బిన్నా” అంటూనే ఉన్నారు. మావాడూ నవ్వాడు. ఆ తర్వాత మైకు ఆపేశాడు. ఇప్పుడు వాడు ఆటలో “ఎనిమీ నియర్ రాక్” అంటాడు. ఇంట్లో కూడా నన్ను నాయనా అనడం మానేశాడు, డాడీ అయ్యాను.

చూశావా, ఫోనే కదా చెడగొట్టింది అంటారు మీరు. ఆ పిల్లల్ని నేను తప్పు పట్టను. యాస వినబడితే నవ్వాలని వాళ్ళకు నేర్పిందెవరు? మన సినిమాల్లో ఎన్ని దశాబ్దాలు సీమ యాస ఫ్యాక్షనిస్టుకు, తెలంగాణ యాస రౌడీకి, శ్రీకాకుళం యాస పనివాడికి ఇచ్చారో మీరే చూశారు. టీవీ స్కిట్లలో అదే సరుకు ఇంకా చవగ్గా వచ్చింది: జోకు రాయడం చేతకాని చోట యాస పెడతారు, వెనకాల రికార్డు చేసిన నవ్వు పెడతారు. ‘అమృతం’లో నవ్వింది ఆ మనుషుల బుద్ధికి. ఇక్కడ నవ్వమనేది వాళ్ళమ్మ నేర్పిన మాటకు. 2017లో ‘ఫిదా’ హీరోయిను తెలంగాణలో మాట్లాడితే ఊరూరా మెచ్చుకున్నారు, 2023లో ‘బలగం’ చూసి ఏడ్చారు. యాసలో ఏ లోపమూ లేదని తేలిపోయింది కదా. మన హోసూరు తెలుగుకైతే ఇంతవరకు కనీసం విలను వేషం కూడా రాలేదు.

నవ్వు వద్దని నేననడం లేదు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? మన ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. కొద్ది రోజుల్లోనే సరిచేశారు గానీ, ఆ కొద్ది రోజులూ మన గ్రూపులో ఎంత నవ్వుకున్నాం! లక్ష రూపాయల ఫోను మన ఒక్క అక్షరం మింగలేక ఉక్కిరిబిక్కిరి అయిందని. అదీ నవ్వే. పెద్దోడు జారితే నవ్వొచ్చు, పిల్లోడు నోరు తెరిస్తే నవ్వకూడదు.

అసలు చెప్పడానికి జంకుతున్న మాట ఇప్పుడు చెప్తాను. టీవీదాకా ఎందుకు, మన సంఘమే ఆ పని చేసింది. పోయిన ఉగాదికి వక్తృత్వ పోటీలో ఒక పాప “మా ఇంట్లో ఆవు ఉండాది” అంది. వేదిక మీదే “ఉండాది కాదమ్మా, ఉంది” అన్నాం. హాలంతా నవ్వింది. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, జడ్జీల బల్ల దగ్గర కూర్చున్నాను, మార్కులూ తగ్గించాను. ఈసారి ఆ పాప పేరివ్వలేదు. ఫోనులో పడి రాలేదని వాళ్ళమ్మ చెప్పింది, మనమూ తలూపాం.

ఆటల్లో బూతులు ఉంటాయి, నిజం. తెల్లవార్లూ ఆడే పిల్లలుంటారు, అదీ నిజం. అందుకే హాల్లో, పెద్దల ముందు, రెండే గంటలు అంటున్నాను. దూరంగా నిలబడి తిడుతుంటే వాళ్ళు ఆడేది మనకు తెలియదు, మాట్లాడేదీ తెలియదు.

ఈ పోస్టు కూడా నేను పుస్తకాల తెలుగులోనే రాసుకొచ్చాను, గమనించారో లేదో. నాకూ భయమే. కామెంట్లలో ఎవరు నవ్వుతారో అని.

సరే, ఇంగ ఇంటి మాటలోనే చెప్తాను. హాలు బీగం నా తావే ఉండాది. ప్రొజెక్టరు నేనే తెస్తాను, నెట్టుకు ఖర్చు నాదే. పిల్లోళ్ళు ఉండాది అన్నా, బిన్నా అన్నా, యాడ అన్నా ఎవురూ దిద్దకూడదు, అదొగటే నేనడిగేది. మా చిన్నోడు వస్తానని ఇంగా చెప్పలేదు. మీ పిల్లోళ్ళు వస్తే వాడూ వస్తాడేమో. శనివారం లోపల పేర్లు చెప్పండి, బిన్నా.