నిరీక్షణకూ కులముంది

ఉద్యోగాల్లో వివక్ష గురించిన మన చర్చ ఎవరికి కొలువు దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న లెక్క దగ్గరే ఆగిపోతున్నది. ఫలితం తేలేలోపు అభ్యర్థి పోగొట్టుకునే కాలం ఆ లెక్కలోకి రావడం లేదు. ఉదయం రమ్మని సాయంత్రం దాకా కూర్చోబెట్టడం, చెప్పాపెట్టకుండా ఇంటర్వ్యూ వాయిదా వేయడం, నాలుగైదు దఫాలు తిప్పుకుని చివరికి జవాబైనా ఇవ్వకపోవడం ప్రైవేటు కొలువుల్లో మామూలైపోయింది. ఈ ఇబ్బంది అందరికీ ఉన్నదే కదా అనవచ్చు. కానీ అందరూ చెల్లించే మూల్యం ఒకటి కాదు.

అమీర్‌పేట హాస్టల్లో మరో ఆరు నెలలు ఉండగల స్తోమత కలిగినవారికి నిరీక్షణ విసుగు మాత్రమే. కూలి డబ్బుతో చదువుకున్న దళిత యువతికి అది ఒక రోజు సంపాదన, బస్సు ఛార్జీ, అప్పు మీద మరో నెల వడ్డీ. భూమి, జీతం, బంధుబలం తరతరాలుగా ఏ కులాల వద్ద పోగుపడ్డాయో, ఎదురుచూడగల శక్తీ వారి వద్దనే పోగుపడింది.

పైగా ఆమె ఎక్కువసార్లు ప్రయత్నించక తప్పదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం, పత్రికా ప్రకటనలు చూసి ప్రైవేటు సంస్థలకు సమాన అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులేనని, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతేనని తేలింది.

పిలుపు వచ్చాక దక్కే సమయమెంత? శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాలపై 1980లో తీర్పు వెలువడిన అజయ్ హాసియా కేసు ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు, అదీ తల్లిదండ్రులు, నివాసం గురించిన ప్రశ్నలతోనే గడిచిందన్నది అభ్యర్థుల ఫిర్యాదు. మౌఖిక పరీక్షకు 15 శాతానికి మించి మార్కులు కేటాయించడం ఏకపక్షమని సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటర్వ్యూలను టేపులో రికార్డు చేయడం మంచిదనీ సూచించింది.

ప్రభుత్వ రంగం కొంత కదిలింది. కేంద్రం కిందిస్థాయి పోస్టులకు 2016 జనవరి నుంచి ఇంటర్వ్యూలు ఎత్తివేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు రద్దు చేసింది. కేంద్ర కొలువుల ఇంటర్వ్యూలకు వచ్చే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు రైలు ఛార్జీ ఇవ్వాలన్న నిబంధన ఎప్పటినుంచో ఉన్నది. రావడానికీ ఖర్చవుతుందని రాజ్యం ఒప్పుకున్నదన్నమాట.

ప్రైవేటు యజమాని మాత్రం ఇందులో దేనికీ బద్ధుడు కాడు. ప్రభుత్వ భూమి, పన్ను రాయితీలు పొందుతున్న సంస్థలకైనా నాలుగు షరతులు పెట్టాలి: ఇంటర్వ్యూ సమయం, దఫాల సంఖ్య ముందే రాతపూర్వకంగా తెలపాలి, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి, కుటుంబ నేపథ్యంపై ప్రశ్నలు నిషేధించాలి, గడువులోగా కారణంతో సహా ఫలితం చెప్పాలి. ప్రైవేటు రంగ రిజర్వేషన్ల కోసం పోరాడుతున్న విద్యార్థి సంఘాలు ఈ డిమాండ్లనూ తమ ఎజెండాలో చేర్చుకోవాలి.