ఫార్మాట్ కొట్టినంక వైఫై పోతే ల్యాప్‌టాప్ పోయినట్టు కాదు

పోస్టు కొంచెం పొడుగున్నది, జర ఓపికతోని చివరిదాకా చదవండి.

మాది దేవరకొండ అవతల, చందంపేట వైపు తండా. పోయిన నెల మా చెల్లె ఒకామె ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష రాయలేకపోయింది. చదవక కాదు. ల్యాప్‌టాప్ స్లో అయిందని పరీక్షకు రెండు రోజుల ముందు ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లా ఎక్కించుకున్నది. విండోస్ ఎక్కింది గాని వైఫై గుర్తే మాయమైంది. మన తండాల వైఫై అంటే ఫోన్ హాట్‌స్పాటే కదా, అది కూడా కనబడలే. టౌన్ల ఒక దుకాణానికి తీస్కపోతే "వైఫై కార్డు కాలిపోయింది, కొత్తది తెప్పియ్యాలె, నాలుగు రోజులు పడ్తది" అన్నరు. ఆ పరీక్ష ఫోన్ల రాయనియ్యరు, ల్యాప్‌టాప్ కెమెరా ఆన్ ఉండాలె. టైం అయిపోయింది.

తర్వాత మేము కూసొని చూస్తే కార్డుకు ఏం కాలేదు. ఒక్క ఫోన్ కేబుల్‌తోని ఇరవై నిమిషాలల్ల నెట్ వచ్చింది. "ఈ ముచ్చట మొన్ననే తెలిస్తే బాగుండె అన్నా" అన్నది చెల్లె. అందుకే ఈ పోస్టు.

అసలు ఏమైతదంటే, వైఫై కార్డుతోని విండోస్ మాట్లాడాలంటే నడుమ డ్రైవర్ అనే ఫైలు ఉండాలె. మన తండాకు గోర్‌బోలి రాని కొత్త ఆఫీసర్ వచ్చిండనుకోండి, నడుమ మాట చెప్పేటోడు కావాలె. డ్రైవర్ పని అదే. ఫార్మాట్ కొడితే పాత డ్రైవర్ పోతది. కొత్త విండోస్‌ల చాలా కార్డుల డ్రైవర్లు ముందే ఉంటయి, కొన్నింటివి ఉండయి. ఆ డ్రైవర్ ఏమో నెట్‌ల దొరుకుతది, నెట్ ఏమో డ్రైవర్ లేక రాదు. విండోస్ 11 హోమ్ అయితే ఇంకో తిప్పలు. ఎక్కించేటప్పుడే నెట్ అడుగుతది, లేకుంటే ఆ పేజీ మీదనే ఆగిపోతది. ఇక్కడనే మనోళ్లు భయపడి దుకాణానికి ఉరుకుతరు.

ఇప్పటికే అట్ల అయినోళ్లు ఇట్ల చెయ్యండి.

1. ముందు ఎయిరోప్లేన్ మోడ్ ఆన్ ఉన్నదా చూడండి. కీబోర్డు మీద ఒక బటన్ తప్పు నొక్కినా వైఫై బందయితది.

2. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తోని ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌ల యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. ఒట్టి ఛార్జింగ్ కేబుల్ పనికిరాదు, ఫొటోలు ఎక్కించే డేటా కేబుల్ కావాలె. దీనికి వైఫై కార్డుతోని పనే లేదు.

3. నెట్ రాంగనే ఆ కనెక్షన్‌ను మీటర్డ్ అని పెట్టండి. లేకుంటే విండోస్ అప్‌డేట్లు మొదలువెట్టి ఆనాటి డేటా మొత్తం తాగేస్తది.

4. ల్యాప్‌టాప్ కింద మోడల్ నంబర్ ఉంటది. ఆ కంపెనీ వెబ్‌సైట్‌ల ఆ మోడల్ కొట్టి, వైర్‌లెస్ డ్రైవర్ దించుకొని ఎక్కించండి. కార్డు ఏ కంపెనీదో తెల్వకపోతే డివైస్ మేనేజర్‌ల పసుపుపచ్చ గుర్తు ఉన్నదాని వివరాలల్ల హార్డ్‌వేర్ ఐడీ చూడండి. 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్.

ఇంకా ఫార్మాట్ కొట్టనోళ్లకు పని ఇంకా అల్క. సీ డ్రైవ్‌ల విండోస్, దాంట్ల సిస్టమ్32, దాంట్ల డ్రైవర్‌స్టోర్, దాంట్ల ఫైల్‌రిపాజిటరీ అనే ఫోల్డర్ ఉంటది. దాన్ని మొత్తం పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసి పెట్టుకోండి. ఫార్మాట్ అయినంక డివైస్ మేనేజర్‌ల అప్‌డేట్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపెడితే అదే ఎతుక్కుంటది. నెట్ అవసరమే పడదు.

ఇంకో మాట కూడా చెప్పాలె. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తోని అమ్మిన ల్యాప్‌టాప్‌లల్ల దాని లైసెన్స్ మదర్‌బోర్డులనే ఉంటది. మనం కొన్నప్పుడే దానికి పైసలు కట్టినం. హోమ్ ఉన్న మిషన్‌కు మళ్లా హోమ్ ఎక్కిస్తే, నెట్ తగలంగనే అదే యాక్టివేట్ అయితది. కొన్ని దుకాణాలల్ల మాత్రం అందరికీ ఒకటే ప్రో ఎక్కించి, క్రాక్ కొట్టి, పైసలు తీస్కుంటరు. అంటే మన సొంత అసలు లైసెన్స్ మీద మనమే పైసలిచ్చి దొంగది పెట్టించుకుంటున్నం. ఆ క్రాక్‌ల వైరస్ ఉంటే స్కాలర్‌షిప్ ఫారాలు, ఆధార్, బ్యాంకు పాస్‌వర్డులు అన్నీ బజార్ల పడతయి.

కొందరు అంటరు, "అందరం ఇంజనీరింగ్ సదువుతున్నమా? దుకాణపోళ్లు కూడా బతకాలె కదా" అని. నిజమే. స్క్రీన్ పగిలితే, బ్యాటరీ పోతే వాళ్ల దగ్గరికే పోదాం, పనికి తగ్గ పైసలు ఇద్దాం. కానీ తెల్వనితనానికి పైసలు ఎందుకు కట్టాలె? మోటరు ఫ్యూజు పోతే మన బాపు ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి ఏసిండా? చూసి నేర్చుకున్నడు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలె, ఇంటెల్ అయితే మామూలుగా 8వ తరం నుంచి పైన ఉండాలె. మన చేతుల్ల ఉన్నయి ఎక్కువ సెకండ్ హ్యాండ్ మిషన్లు. కొందరు లినక్స్ వైపు పోవాల్సిందే. అక్కడ కూడా ఇదే వైఫై తిప్పలు ఉండేది. డెబియన్ వాళ్లు 2023ల వచ్చిన 12వ వెర్షన్ నుంచి వైఫై ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లనే కలిపి ఇస్తున్నరు. అంటే పాత మిషన్‌ను పక్కకు పారెయ్యనక్కర లేదు.

"మా తండాలో మా రాజ్యం" అని ఏండ్లకేండ్లు కొట్లాడితే 2018 పంచాయతీరాజ్ చట్టంతోని తండాలు పంచాయతీలు అయినయి. పంచాయతీ మనదైంది గాని, ఒక చిన్న ఫైలు కోసం ఇంకా బస్సెక్కి టౌన్‌కు పోతున్నం. అమ్రాబాద్, మన్ననూరు దిక్కు నల్లమల పెంటలల్ల ఉన్న చెంచు తమ్ముళ్లకైతే అచ్చంపేట రానుపోను ఒక దినం కూలి పోయినట్టే.

అందుకే మేము అడిగేది ఒక్కటే. తండాకు, పెంటకు, హాస్టల్‌కు ఒక పెన్‌డ్రైవ్, ఒక డేటా కేబుల్. పని నేర్చినోళ్లు ఇద్దరు, అందుల ఒకరు తప్పకుండ ఆడపిల్ల ఉండాలె. ఎందుకంటే రాత్రిపూట ల్యాప్‌టాప్ పట్టుకొని దుకాణాలు తిరిగే వీలు ఆమెకు లేదు. తీజ్‌కు అందరం తండాకు వస్తం కదా, ఒక పొద్దంతా కూసొని నేర్పుకుందాం. మా తండాల మేము మొదలు పెడుతున్నం, పెన్‌డ్రైవ్ ఆ చెల్లె దగ్గరనే ఉంటది. మీ ఊరు, మీ ల్యాప్‌టాప్ మోడల్ కింద రాయండి. తెలిసినంత చెప్తం, తెల్వంది కలిసి ఎతుకుదాం.