ఆరోగ్య దీపిక: పుష్పవతి అన్న మాటలో మైల లేదు

తొలిసారి ఋతుమతి అయిన బాలికను మన భాషలో "పుష్పవతి" అంటారు. ఈ మాటకు మనం నివసిస్తున్న ఈ దీవులలో ఒక చక్కని తోడు ఉన్నది. 1906 నుండి 1908 వరకు ఇక్కడి ఆదివాసుల జీవన విధానాన్ని పరిశీలించిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త, 1922లో వెలువడిన తన గ్రంథంలో వారి ఆచారమొకటి వివరించాడు. బాలిక రజస్వల అయినప్పుడు, ఆ రోజులలో అడవిలో ఏ చెట్టు పూస్తున్నదో ఆ పువ్వు పేరును ఆమెకు పెట్టేవారు. పెండ్లియై బిడ్డను కనేవరకు ఆమెను ఆ పేరుతోనే పిలిచేవారు. సముద్రానికి ఆ ఒడ్డున మనవారికీ, ఈ ఒడ్డున వీరికీ ఈ సందర్భంలో పువ్వే స్ఫురించడం ఆలోచింపదగిన విషయం.

అయితే ఆ బాలికను వారు మూడు దినాలు పాకలో కదలనీయకుండా కూర్చోబెట్టేవారు. మనమూ పేరంటం చేసి, హారతి ఇచ్చి, చిమ్మిలి పంచిపెట్టి, మరునెల నుండి "దూరంగా ఉండు" అంటాము. ఈ దూరం ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకం కూడా అవుతుంది. 2018 నవంబరులో గజ తుపాను తమిళనాడు తీరాన్ని తాకిన రాత్రి, తంజావూరు జిల్లాలో కొత్తగా రజస్వల అయిన ఒక బాలికను ఇంటికి వెలుపల గుడిసెలో పడుకోబెట్టారు. కొబ్బరిచెట్టు కూలి ఆ గుడిసెపై పడగా ఆమె మరణించింది. తుపానులనూ, కొబ్బరిచెట్లనూ ఎరిగిన మనకు ఈ సంగతి వేరుగా వివరించనక్కరలేదు.

దూరం వలన కలిగే మరొక నష్టం మౌనం. అధిక రక్తస్రావమైనా, భరించరాని నొప్పి అయినా ఆడపిల్ల ఎవరికీ చెప్పదు. క్యాంప్‌బెల్ బే నుండి పోర్ట్ బ్లెయిర్ 500 కిలోమీటర్లకు పైబడిన దూరం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఆ నగరంలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రికి చేరాలంటే బయటి దీవులవారు ఓడకోసం ఎదురుచూడవలసినదే. అందుచేత ఏది సహజమో, ఏది వ్యాధి లక్షణమో ముందుగా తెలిసి ఉండడం ద్వీపవాసులకు అత్యవసరం. సోదరీమణులు తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ప్రశ్న: బహిష్టు సమయంలో పోయేది చెడు రక్తమా?

సమాధానం: కాదు. నెలనెలా అండాశయం నుండి ఒక అండం విడుదల అవుతుంది. గర్భం నిలిస్తే శిశువుకు ఆశ్రయం ఇవ్వడానికి గర్భాశయపు లోపలి పొర దళసరి అవుతుంది. గర్భం నిలువనప్పుడు ఆ పొర రక్తంతో కలిసి వెలుపలికి వస్తుంది. అది శరీరంలోని తక్కిన రక్తం వంటిదే. ఒక్కొక్క నెలలో పోయేది సాధారణంగా 30 నుండి 40 మిల్లీలీటర్లు మాత్రమే.

ప్రశ్న: ఎన్ని రోజులకు ఒకసారి రావాలి?

సమాధానం: పెద్దవారిలో 21 నుండి 35 రోజులకు ఒకసారి రావడం, 2 నుండి 7 రోజులు ఉండడం సహజం. రజస్వల అయిన తొలి రెండు మూడేండ్లలో 45 రోజుల వరకు ఎడం ఉన్నా భయపడనక్కరలేదు.

ప్రశ్న: ఆ రోజులలో తలస్నానం చేయవచ్చునా? పచ్చడి జాడీ ముట్టుకుంటే పాడవుతుందా?

సమాధానం: నిత్యమూ స్నానం చేయాలి, తలస్నానం వలన హాని లేదు. పచ్చడి తడిచేయి వలన బూజు పడుతుందే గాని, బహిష్టు వలన కాదు. నువ్వులు, బెల్లం, మునగాకు, తోటకూర, చేపలు వంటి పుష్టికరమైన ఆహారం తీసుకోవాలి. ఆకుకూరలపై నిమ్మరసం పిండుకుంటే వాటిలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు టీ త్రాగడం మానాలి.

ప్రశ్న: ఇక్కడ వానలలో గుడ్డలు ఆరవు. ఏమి చేయాలి?

సమాధానం: ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురిసే చోట ఇది న్యాయమైన ప్రశ్న. గుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయడం ఉత్తమం. ఎండ లేనినాడు గాలి తగిలే చోట ఆరవేసి, ఆపై ఇస్త్రీ చేసి, పూర్తిగా పొడి అయిన తరువాతనే వాడాలి. ఎవరూ చూడకూడదని మంచం క్రింద ఆరవేసిన తడిగుడ్డ వలన దురద, పుండ్లు కలుగవచ్చు. ప్యాడ్ వాడేవారు 4 నుండి 6 గంటలకు ఒకసారి మార్చుకోవాలి. జన ఔషధి కేంద్రాలలో 2019 ఆగస్టు నుండి "సువిధ" ప్యాడ్‌ను ఒక్కొక్కటి ఒక రూపాయికి అమ్మసాగారు. వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి చెత్తబుట్టలోనే వేయాలి. కాలువలో వేసినది చివరకు మన సముద్రంలోనే తేలుతుంది.

ప్రశ్న: పూజకో, ఓడ ప్రయాణానికో మాత్రలతో బహిష్టును వాయిదా వేయవచ్చునా?

సమాధానం: అవి హార్మోను మాత్రలు. రక్తనాళాలలో గడ్డకట్టే స్వభావం గలవారికీ, కాలేయ వ్యాధి గలవారికీ ప్రమాదం. డాక్టరు సలహా లేకుండా దుకాణంలో అడిగి వాడరాదు.

ప్రశ్న: డాక్టరు వద్దకు ఎప్పుడు వెళ్ళాలి?

సమాధానం: గంటకొక ప్యాడ్ చొప్పున వరుసగా కొన్ని గంటలపాటు తడిసిపోతుంటే ఆలస్యం చేయరాదు. స్రావం 7 రోజులు దాటినా, అంగుళం కంటె పెద్ద గడ్డలు పడినా, బడికో పనికో వెళ్ళలేనంత నొప్పి ఉన్నా, గర్భం లేకుండా మూడు నెలలు బహిష్టు రాకున్నా, 15 ఏండ్లు నిండినా బాలిక రజస్వల కాకున్నా తప్పక చూపించుకోవాలి. ముట్లుడిగిన ఏడాది తరువాత ఒక్క చుక్క కనిపించినా ఉపేక్షింపరాదు. అది క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు. నీరసం, ఆయాసం ఉంటే రక్తహీనత పరీక్ష చేయించుకోవాలి.

చివరగా ఉద్యోగ సోదరులకు ఒక మనవి. ఇది ఆడవారి విషయమని మీరు ప్రక్కకు తొలగవద్దు. బియ్యం, సబ్బుల చీటీలో ప్యాడ్‌లూ ఒక వరుసగా ఉండనివ్వండి. ఓడ బయలుదేరే తేదీలను మనం క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటాము. అదే క్యాలెండరులో మీ అమ్మాయి తన తేదీని కూడా సంకోచం లేకుండా గుర్తు పెట్టుకోనివ్వండి. తేదీ తప్పినప్పుడు, బాధ కలిగినప్పుడు అమ్మతోనైనా, నాన్నతోనైనా చెప్పగల ధైర్యం ఆమెకు మన ఇంటనే కలగాలి. పూలపేరుతో పిలిచే ఆచారం మనకు లేకపోయినా, పువ్వును చూచినట్లు చూడడం మన చేతిలోని పనే.