డెంటల్ క్లినిక్‌లో చేరే ముందు అడగవలసినవి

బెంగళూరు, చెన్నై, బరంపురం, ముంబై వంటి చోట్ల స్థిరపడిన మన తెలుగు సంఘాల్లో, ఇంటర్‌తో చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు దొరికే పనుల్లో డెంటల్ క్లినిక్ పని ఒకటి. నీడపట్టున పని, డాక్టరమ్మ మంచిది అని తల్లిదండ్రులు సంతోషిస్తారు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. అది మంచి పనే.

డాక్టరు పన్ను తీస్తుంటే నోట్లోని రక్తాన్ని, లాలాజలాన్ని సక్షన్ ట్యూబుతో లాగాలి. ఏ క్షణానికి ఏ పరికరం కావాలో తెలిసి అందించాలి. సిమెంటు సరైన పాళ్లలో కలపాలి. వాడిన పరికరాలు కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టాలి. భయపడే పిల్లవాణ్ణి మాటల్లో పెట్టాలి. ఇదంతా నైపుణ్యమే. పైగా తెలుగుతో పాటు కన్నడమో, తమిళమో, ఒడియానో, హిందీయో వచ్చిన మన పిల్లలు రోగికి అతని భాషలోనే ధైర్యం చెప్పగలరు.

నా అభ్యంతరం పని మీద కాదు, మన పిల్లలు అందులోకి వెళ్తున్న తీరు మీద. చాలా చిన్న క్లినిక్కుల్లో శిక్షణ ఉండదు, ‘చూస్తూ నేర్చుకో’ అంటారు. నియామక పత్రం ఉండదు. ఊడవడం, ఫోన్ ఎత్తడం, రక్తం అంటిన పరికరాలు కడగడం అన్నీ ఒక్కరే చేయాలి. అయిదేళ్లు చేసినా అనుభవం చూపే కాగితం చేతికి రాదు. మరో క్లినిక్‌కు మారితే మళ్లీ మొదటి జీతమే. 1948 నాటి డెంటిస్టుల చట్టం దంత వైద్యులతో పాటు డెంటల్ హైజీనిస్టులకు, డెంటల్ మెకానిక్‌లకు రిజిస్టర్లు పెట్టింది. కుర్చీ పక్కన నిలబడే అసిస్టెంటుకు మాత్రం అందులో చోటు దొరకలేదు. పదిమంది కూడా లేని క్లినిక్‌కు సాధారణంగా ఈఎస్ఐ వర్తించదు.

వీటన్నిటికన్నా పెద్ద సంగతి సూది. హెపటైటిస్-బి ఉన్న రోగికి వాడిన సూది టీకా వేసుకోని వ్యక్తికి గుచ్చుకుంటే ఆ వ్యాధి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెచ్ఐవి విషయంలో అది సుమారు 0.3 శాతం. మనవాళ్లు రెండోదాని పేరు వింటేనే వణుకుతారు, మొదటిదాన్ని పట్టించుకోరు. నిజానికి మొదటిదానికే టీకా ఉంది. మొదటి డోసు తరువాత నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

ఈ టీకా డాక్టరు దయతో ఇచ్చేది కాదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, శిక్షణ ఇవ్వడం, చేరేటప్పుడూ ఆ తరువాత ఏటా ఆరోగ్య పరీక్ష చేయించడం క్లినిక్ నడిపేవారి బాధ్యత. మూడు డోసుల ఖర్చు ఒక రూట్ కెనాల్ ఫీజు కన్నా తక్కువే.

కాబట్టి చెల్లీ, చేరే ముందు మూడు మాటలు అడుగు. టీకా ఎప్పుడు వేయిస్తారు? జీతం, పని గంటలు, సెలవులు రాసిన పత్రం ఇస్తారా? పని ఎవరు నేర్పుతారు, మానేసే రోజున అనుభవ పత్రం ఇస్తారా? చేరాక, వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టవద్దు. ఎక్స్‌రే తీసేటప్పుడు రోగి నోట్లో ఫిల్మును నీ వేలితో పట్టుకోవద్దు. సూది గుచ్చుకుంటే దాచవద్దు. సబ్బు నీళ్లతో కడిగి, డాక్టరుకు చెప్పి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లు. హెచ్ఐవి నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. ఇంటర్‌లో సైన్సు చదివి ఉంటే అసిస్టెంటుగానే ఆగిపోకు. రెండేళ్ల డెంటల్ హైజీనిస్టు కోర్సు గురించి డెంటల్ కాలేజీలో విచారించు.

‘ఇన్ని అడిగితే పని ఇస్తారా, పాస్టరుగారూ?’ అని తల్లిదండ్రులు నన్ను అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా అడిగితే ఇవ్వకపోవచ్చు. అందుకే ఆమె ఒంటరిగా అడగకూడదు. సంఘ పెద్ద ఒకరు, స్త్రీల సమాజం నుంచి ఒకరు ఆమెతో వెళ్లాలి. బడికి, కాలేజీకి సిఫారసు ఉత్తరాలు రాసే మనం ఈ పని చేయలేమా?

మన సంఘాల్లో క్లినిక్కులు నడిపే డాక్టర్లూ ఉన్నారు. మార్పు ముందు వారి దగ్గరే మొదలు కావాలి. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర మన పక్కన మోకరించిన అమ్మాయి సోమవారం మన క్లినిక్‌లో టీకా లేకుండా రక్తం కడుగుతుంటే, ఆ సహవాసానికి అర్థమేమిటి?

వచ్చే యువజన కూటంలో ఒక పని చేయండి. క్లినిక్కుల్లో, ల్యాబుల్లో పనిచేసేవారి పేర్లు రాసుకోండి. ఒక్కొక్కరికి ఎన్ని డోసులు పూర్తయ్యాయో ఆ పేరు పక్కన రాయండి. ఖాళీగా ఉన్న పేర్లతో మొదలుపెడదాం.