లోహ హైడ్రైడు న్యూట్రాను కవచములు

లోహ హైడ్రైడులు అనగా టైటానియము, జిర్కోనియము, హాఫ్నియము వంటి లోహములు ఉదజనిని తమ స్ఫటికములలో ఇముడ్చుకొనగా ఏర్పడు పదార్థములు. కేంద్రక సంలీన రియాక్టరులలో న్యూట్రానులను అడ్డగించు కవచములుగా ఇవి పరిశీలనలో ఉన్నవి.

అవసరము

డ్యుటీరియము, ట్రిటియముల సంలీనమున వెలువడు శక్తిలో సుమారు 80 శాతము న్యూట్రానుతో పోవును. ఒక్కొక్క న్యూట్రాను శక్తి 14.1 మిలియను ఎలక్ట్రాను వోల్టులు. విద్యుదావేశము లేనందున అయస్కాంత క్షేత్రము దీనిని ఆపలేదు. కవచము చాలనిచో అతివాహక అయస్కాంతముల తీగలు వేడెక్కి, క్రమముగా చెడిపోవును. కవచము మందమైనచో రియాక్టరు పెద్దదగును, ఖర్చు పెరుగును. చిన్న రియాక్టరులు కట్టదలచినవారికి అసలు చిక్కు ఇదియే.

ఉదజని పాత్ర

గోళీ గోడకు తగిలిన దాదాపు అదే వేగముతో వెనుదిరుగును. తనంతటి గోళీకి సూటిగా తగిలిన ఆగిపోవును. న్యూట్రానుకు అటువంటి సమాన భారము గల గోళీ ఉదజని కేంద్రకము. టైటానియము హైడ్రైడులో ఘన సెంటీమీటరుకు గల ఉదజని పరమాణువులు నీటిలో కంటె సుమారు మూడవ వంతు ఎక్కువ. ద్రవ ఉదజనిలో కంటె రెట్టింపునకు పైమాటే. అయితే 14 మిలియను వోల్టుల స్థాయిలో ఉదజని ఒక్కటే చాలదు. మొదట టంగ్‌స్టన్, ఇనుము వంటి బరువైన కేంద్రకములు వేగము తగ్గించవలెను, చివరకు బోరాను వంటిది న్యూట్రానును మ్రింగవలెను.

హైదరాబాదు అనుభవము

1971లో హైదరాబాదున నెలకొన్న అణు ఇంధన సముదాయము సముద్రతీరపు జిర్కాను ఇసుకనుండి జిర్కోనియము తీసి, దాని మిశ్రలోహములతో రియాక్టరు గొట్టములు తయారుచేయుచున్నది. అచ్చట హైడ్రైడు శత్రువు. గొట్టములో చేరిన ఉదజని హైడ్రైడుగా మారి లోహమును పెళుసు చేయును. 1983లో కెనడాలోని పికరింగు రియాక్టరులో జిర్కలాయ్-2 గొట్టము పగిలినది ఇందువలననే. తరువాత భారతదేశమున కూడ పలు రియాక్టరులలో ఆ గొట్టములను తొలగించి జిర్కోనియము-నియోబియము గొట్టములు అమర్చిరి. కవచపు పలకకు గొట్టమువలె పీడనము మోయు పని లేకున్నను, పెళుసుదనమును మరచుటకు వీలులేదు.

పరిమితులు

జిర్కోనియము హైడ్రైడు కొత్తది కాదు. 1958నాటి ట్రైగా రియాక్టరు ఇంధనములోను, 1965లో అమెరికా అంతరిక్షమునకు పంపిన స్నాప్-10ఎ రియాక్టరులోను యురేనియముతో కలిపి వాడిరి. వేడి హెచ్చినపుడు హైడ్రైడులు ఉదజనిని వదలును. టైటానియము హైడ్రైడు జిర్కోనియము హైడ్రైడు కంటె ముందుగా వదలును. పోయిన ఉదజనితో రక్షణ తగ్గుటయే కాక, ప్రేలుడు ముప్పు కూడ కలుగును.

ఫ్రాన్సులో నిర్మాణములోనున్న ఐటర్ రియాక్టరు పాత్ర గోడల నడుమ నీరు, ఉక్కు పలకలే కవచము. బోరాను కలిపిన ఆ ఉక్కు దిమ్మెలు భారతదేశపు వాటాగా వెళ్ళినవే. 2024లో ప్రకటించిన ప్రణాళిక ప్రకారము అచ్చట డ్యుటీరియము-ట్రిటియము ప్రయోగములు 2039లో మొదలు కావలెను. సంలీన న్యూట్రానుల తాకిడికి పదార్థములు ఎట్లు మారునో పరీక్షించుటకు స్పెయిను దేశమున గ్రనడా వద్ద వేరొక కేంద్రము నిర్మించుచున్నారు.